సంతాన చికిత్సకు సొమ్ము ఎక్కడిది?

పిఠాపురంలో పెళ్లయి రెండేళ్లు దాటిన జంట ఏ శుభకార్యానికి వెళ్లినా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: “విశేషం ఏమైనా ఉందా అమ్మా?” దానికి బదులు చెప్పలేక పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేసిన ఆడపిల్లలు ఈ చుట్టుపక్కల ఎందరో. పురుహూతికా అమ్మవారికి కుంకుమ పూజ, అన్నవరం కొండ మీద సత్యనారాయణ వ్రతం, బిక్కవోలు షష్ఠికి మొక్కు. వీటితో పాటే కాకినాడలోనో రాజమండ్రిలోనో సంతాన సాఫల్య కేంద్రం చుట్టూ తిరగడమూ మొదలవుతుంది. రెండో మూడో విజిట్‌లో అక్కడి కౌన్సెలర్ ఒక కాగితం మీద ప్యాకేజీ ధర రాసి చేతికిస్తారు. ఆ అంకెను ఎలా చదవాలి, ఎక్కడ తగ్గించుకోవాలి, మిగిలింది ఎక్కడి నుంచి తెచ్చుకుంటే సంసారం చితికిపోకుండా ఉంటుంది అన్నదే ఈ అధ్యాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 ఏప్రిల్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, జీవితంలో ఏదో ఒక దశలో ప్రతి ఆరుగురిలో ఒకరికి సంతానలేమి ఎదురవుతోంది. మన దేశంలో ఒక్కసారి ఐవీఎఫ్ చేయించుకోవడానికి ప్రభుత్వ ఆసుపత్రిలో సుమారు లక్షా పది వేలు, ప్రైవేటులో రెండు లక్షల ముప్పై వేల దాకా అవుతోందని ఐసీఎంఆర్‌కు చెందిన ముంబై పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఉప్పాడలో మగ్గం మీద జాందానీ చీర నేసే కుటుంబానికైనా, రొయ్యల చెరువు దగ్గర నెలజీతానికి ఉన్న కుర్రాడికైనా ఇది ఏడాది సంపాదనకు పైమాటే.

అప్పుకు ముందు పరీక్ష

చాలా ఇళ్లలో ఖర్చు తప్పుదారి పట్టేది మొదటి అడుగులోనే. ఏళ్ల తరబడి పరీక్షలన్నీ భార్యకే జరుగుతాయి. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ట్యూబ్ టెస్టు, ఆఖరికి లాప్రోస్కోపీ కూడా. భర్తకు చేయాల్సిన వీర్య పరీక్ష మాత్రం చివరికి మిగులుతుంది. “మావాడికేం లోపం ఉంటుంది?” అని అత్తగారు అంటే ఆ ఇంట్లో ఇక ఎవరూ నోరెత్తరు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. మొత్తం పరీక్షల్లో అన్నిటికంటే చవకైనవాటిలో వీర్య పరీక్ష ఒకటి. కొన్ని వందల రూపాయలతో తేలిపోతుంది. అది ముందు చేయించుకోని ఇంట్లో వేల రూపాయలు, అంతకంటే విలువైన రెండు మూడేళ్ల వయసు వృథాగా పోతాయి. కాబట్టి మొదటి రోజే ఇద్దరికీ కలిపి పరీక్షలు రాయమని డాక్టరును అడగాలి. భార్య వయసు 35 లోపైతే ఏడాది ప్రయత్నించాక, 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలన్నది వైద్యులు పాటించే లెక్క.

ఈ మొదటి విడత పరీక్షలకు ప్రైవేటు మెట్లెక్కక్కర్లేదు. పిఠాపురానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా కాకినాడ జీజీహెచ్ ఉంది. థైరాయిడ్, షుగర్, స్కానింగ్, గైనకాలజీ ఓపీ కోసం అక్కడికి వెళ్లి, రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకుంటే తరువాత ఏ క్లినిక్‌కు వెళ్లినా మళ్లీ మొదటి నుంచి చేయించుకునే అవసరం తగ్గుతుంది. ఒక పూట క్యూలో నిలబడాలి, నిజమే. ఆ పూట కూలి పోయినా గిట్టుబాటే.

కారణం తేలితే ఒక్కోసారి ఐవీఎఫ్ మాటే రాదు. థైరాయిడ్ మాత్రతో, పీసీఓడీ ఉన్నవారికి బరువు తగ్గడంతో, అండం విడుదలకు ఇచ్చే లెట్రోజోల్ మాత్రలతో గర్భం నిలిచే జంటలు చాలామందే. లెట్రోజోల్, ఫోలిక్ యాసిడ్ లాంటివి జన ఔషధి కేంద్రంలో దొరికితే మందుల ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి ఒక ముఖ్య కారణం జననేంద్రియాలకు సోకే క్షయ. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో పూర్తిగా ఉచితం. పైగా చికిత్స సాగినంత కాలం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు వెయ్యి రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో పడతాయి. టీబీ అన్న మాటకు భయపడి ఆ పరీక్ష దాటవేసి నేరుగా ఐవీఎఫ్‌కు వెళితే డబ్బూ పోతుంది, పిండమూ నిలవదు.

ప్యాకేజీ కాగితం

ఐవీఎఫ్ తప్పదని తేలిందనుకుందాం. అప్పుడు చేతికొచ్చిన కాగితాన్ని కాస్త దగ్గరగా చూడాలి. “ప్యాకేజీ లక్షా ముప్పై వేలు” అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అందులో సాధారణంగా అండాలు తీయడం, ల్యాబ్ పని, పిండాన్ని గర్భంలో ఉంచడం వరకు కలుస్తాయి. అండాలు పెరగడానికి పది పన్నెండు రోజులు వరసగా చేసే ఇంజక్షన్లు చాలా చోట్ల ఈ అంకెలో ఉండవు. మొత్తం బిల్లులో బరువైన భాగం అవే. వయసును బట్టి, డోసును బట్టి వాటి ధర ఇంటింటికీ మారుతుంది. మత్తు డాక్టరు ఫీజు, ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం), పిండాలను ఫ్రీజ్ చేయడం, వాటిని నిల్వ ఉంచే ఏడాది అద్దె, తరువాతి నెలలో ఫ్రోజెన్ పిండం బదిలీ, నడుమ రక్త పరీక్షలు... ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. అందుకే అడగాల్సిన ప్రశ్న “ప్యాకేజీ ఎంత?” అన్నది కాదు. “బిడ్డ గుండె చప్పుడు స్కానింగులో వినిపించే రోజు వరకు మొత్తం ఎంత అవుతుంది? ఇంజక్షన్లతో కలిపి రాసివ్వండి” అని అడగాలి.

రాసివ్వమని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు. 2022 జనవరి 25న అమల్లోకి వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం ప్రకారం విజయావకాశాలు, లాభనష్టాలు, దుష్ప్రభావాలతో పాటు ఖర్చు కూడా దంపతులకు వివరించడం క్లినిక్ బాధ్యత. ఫిర్యాదుల విభాగం కూడా ఉండాలి. ఇంకొక మాట: ఐవీఎఫ్ సేవలు వైద్య సేవల కిందికే వస్తాయని, వాటికి జీఎస్టీ మినహాయింపు ఉందని కేంద్రం 2022 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చింది. చికిత్స ఫీజు మీద జీఎస్టీ వేసి ఉంటే అడిగి తీయించుకోవచ్చు. మందుల మీద మాత్రం ఉంటుంది.

సొమ్ము ఒకేసారి కట్టవద్దు. ఇంజక్షన్ల దశకు కొంత, అండాలు తీసే రోజుకు కొంత, పిండం బదిలీకి కొంత అని దశలవారీగా కట్టేలా మాట్లాడుకోవాలి. అండాలు సరిగా పెరగక మధ్యలోనే సైకిల్ (ఒక విడత చికిత్స) ఆపేయాల్సి వస్తే ఎంత వెనక్కి ఇస్తారో ముందే తేల్చుకోవాలి. “గ్యారంటీ ప్యాకేజీ” అన్నచోట వెనక్కిచ్చే షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవి చదివాకే సంతకం పెట్టాలి.

ఇక అదనపు హంగులు. గర్భాశయం పొరను గీకడం, రకరకాల ఇమ్యూనిటీ డ్రిప్పులు, పిండాల జన్యు పరీక్ష లాంటివి ఒక్కొక్కటి వేలల్లో, కొన్ని లక్షకు దగ్గరగా ఉంటాయి. బ్రిటన్‌లో క్లినిక్‌లను నియంత్రించే సంస్థ ఇలాంటివాటికి రంగులతో రేటింగ్ ఇస్తుంది. చాలామంది విషయంలో వీటివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని ఆ రేటింగులు చెబుతున్నాయి. “ఇది నాకే ఎందుకు అవసరం డాక్టరు గారూ?” అని అడిగితే, నిజంగా అవసరమున్న చోట డాక్టరు కారణం చెబుతారు.

ఎన్నిసార్లు?

ఈ చికిత్స ఒక్కసారికే ఫలిస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. బ్రిటన్ 2022 గణాంకాల్లో 35 ఏళ్ల లోపు స్త్రీలకు ఒక పిండం ఉంచితే బిడ్డ పుట్టే అవకాశం సుమారు 35 శాతం. 40 దాటాక అది 10 శాతం దగ్గరికి పడిపోయింది. అంటే చిన్న వయసులో కూడా మొదటిసారి విఫలమయ్యే జంటలే ఎక్కువ. ఒక్క సైకిల్‌కు సరిపడా డబ్బు తెచ్చి, అది పోయాక కంగారులో రెండోదానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవడం ఈ ప్రాంతంలో ఎక్కువగా జరిగే పొరపాటు. దానికి విరుగుడు ఒకటే. మొదటి ఇంజక్షన్ వేయించుకోకముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఎన్ని ప్రయత్నాలు, మొత్తం ఎంత, ఎక్కడ ఆగాలి అన్నది నిర్ణయించుకుని ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ఫలితం రాని రోజు ఏడుపులో తీసుకునే నిర్ణయం కంటే అది భద్రమైనది. ఒక్కో సైకిల్‌లో వచ్చిన మిగులు పిండాలను ఫ్రీజ్ చేయిస్తే రెండో ప్రయత్నానికి ఇంజక్షన్ల ఖర్చు తప్పుతుంది కాబట్టి అది కూడా లెక్కలో వేసుకోవాలి.

డబ్బు కూడబెట్టాక చూద్దామని ఏళ్లు నెట్టడం మరో చిక్కు. 2019 సెప్టెంబరు 5న ద్రాక్షారామం దగ్గర నేలపర్తిపాడుకు చెందిన ఎర్రమట్టి మంగాయమ్మ డెబ్బై దాటిన వయసులో గుంటూరు ఆసుపత్రిలో కవల ఆడపిల్లలకు జన్మనిచ్చినప్పుడు ప్రపంచమంతా ఆ వార్త చదివింది. “ఆవిడకు పుట్టగా లేనిది మనకేం తొందర?” అన్నవాళ్లు గోదావరి ఊళ్లలో ఉన్నారు. అది దాత అండంతో సాధ్యమైంది. ఇప్పుడు చట్టం ఆ వయసువారికి ఆ దారి మూసేసింది. స్త్రీకి 50 ఏళ్లు, పురుషుడికి 55 దాటితే ఏ క్లినిక్కూ ఈ చికిత్స చేయకూడదు. సొంత అండాలకు గడువు అంతకంటే చాలా ముందే ముగుస్తుంది. 37 ఏళ్ల వయసులో రెండేళ్లు ఆగి లక్ష కూడబెట్టడం కంటే ఇప్పుడే తక్కువ వడ్డీకి లక్ష తేవడం చాలాసార్లు లాభసాటి.

భర్త గల్ఫ్‌లో ఉన్న కోనసీమ జంటలకు, వేటకు వెళ్లే ఉప్పాడ కుటుంబాలకు ఒక సౌకర్యం ఉంది. భర్త ఇంట్లో ఉన్నప్పుడే వీర్యాన్ని ఫ్రీజ్ చేయించి ఉంచవచ్చు. విమాన టికెట్‌తో పోలిస్తే దాని ఖర్చు స్వల్పం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి పరీక్షలన్నీ ఆ 61 రోజుల్లో ముగించుకుంటే వేట పోగొట్టుకునే పని ఉండదు.

సొమ్ము దొరికే చోట్లు

బీమాతో మొదలుపెడితే, మామూలు ఆరోగ్య పాలసీల్లో సంతానలేమి చికిత్స ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపుల్లో ఒకటి. ఆయుష్మాన్ భారత్‌లోనూ దానికి చోటు లేదు. అయితే కొన్ని కంపెనీలు రెండు మూడేళ్ల వెయిటింగ్‌తో ఈ కవరేజీ ఇస్తున్నాయి. పెళ్లయిన కొత్తలోనే తీసుకుంటే పనికొస్తాయి. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల గ్రూపు పాలసీల్లో ఐవీఎఫ్‌కు ఒక పరిమితి వరకు ఇచ్చేవి ఉన్నాయి కాబట్టి అక్కడ పనిచేసే పిఠాపురం పిల్లలు హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి చూడాలి. గర్భాశయ కణితులు, ఎండోమెట్రియోసిస్ లాంటివాటికి ఆపరేషన్ పడితే అది వేరే జబ్బు కింద పాలసీలోనో, ఎన్టీఆర్ వైద్యసేవలోనో వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. జబ్బు పేరు మార్చి రాయిస్తామని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. క్లెయిమూ పోతుంది, పాలసీయే రద్దవుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఒక హక్కు ఉంది, చాలామందికి తెలియదు. 2011 ఉత్తర్వు ప్రకారం ఐవీఎఫ్‌కు ఒక్కో సైకిల్‌కు 65,000 రూపాయల వరకు, గరిష్ఠంగా మూడు సైకిళ్లకు తిరిగి చెల్లిస్తారు. భార్య వయసు 39 లోపు ఉండాలి, ముందస్తు అనుమతి తీసుకోవాలి. రాష్ట్ర ఉద్యోగులు, ఉపాధ్యాయులు జీపీఎఫ్ అడ్వాన్సు, ఏపీజీఎల్ఐ రుణం చూసుకోవచ్చు. ప్రైవేటు ఉద్యోగుల పీఎఫ్ విషయంలో 2025 అక్టోబరు 13న ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు పాక్షిక ఉపసంహరణ నిబంధనలను సరళం చేయాలని నిర్ణయించింది. ‘ప్రత్యేక పరిస్థితులు’ అన్న విభాగంలో కారణం చెప్పనక్కర్లేదు, ఖాతాలో 25 శాతం మాత్రం ఉంచాలి. ఎల్ఐసీ పాలసీ పాతదైతే సరెండర్ విలువలో 90 శాతం దాకా అప్పు పుడుతుంది. పాలసీని సరెండర్ చేసేయడం కంటే అది నయం.

ఆ తరువాత బంగారం. గోదావరి జిల్లాల్లో కష్టమొస్తే ముందు గుర్తొచ్చేది అదే. మూడు లక్షల అప్పుకు ఏడాది లెక్క వేసి చూస్తే, బ్యాంకులో పది శాతం చొప్పున 30,000 వడ్డీ. ఊళ్లో నూటికి రెండు రూపాయలైతే 72,000. మూడు రూపాయలైతే లక్షా ఎనిమిది వేలు, అంటే ఇంకో సైకిల్‌లో సగం. ఆర్బీఐ 2025 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రెండున్నర లక్షల లోపు రుణానికి బంగారం విలువలో 85 శాతం, అయిదు లక్షల వరకు 80 శాతం, ఆ పైన 75 శాతం వరకు ఇవ్వవచ్చు. 2026 ఏప్రిల్ 1 నాటికి ఇవి అమలు కావాలి. అప్పు తీర్చాక వస్తువు ఏడు పనిదినాల్లో ఇవ్వకపోతే, తప్పు సంస్థదైతే, రోజుకు అయిదు వేల రూపాయలు అది చెల్లించాలి. ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతి కంటే, కుదిరితే నెలనెలా కట్టేదే ఎంచుకోవాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తాకట్టు పెట్టేది చాలా ఇళ్లలో భార్య పుట్టింటి నగలే. స్త్రీధనం మీద పూర్తి హక్కు ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులోనే తేల్చింది. ఆ నగ ఆమె ఇష్టంతో, ఆమె పేరు మీద, ఆమె సంతకంతోనే బ్యాంకుకు వెళ్లాలి. లోపం ఎవరిదైనా “మీ పుట్టింటి నుంచి తెచ్చుకో” అనడం అన్యాయం. చికిత్స ఇద్దరిది, అప్పూ ఇద్దరిదే.

డ్వాక్రా సంఘంలో ఉన్న ఆడపడుచులకు బ్యాంకు లింకేజీ రుణం, స్త్రీనిధి ఉన్నాయి. వడ్డీ తక్కువ, తాకట్టు లేదు. కానీ ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిది మంది మీద పడుతుంది, కాబట్టి నెలసరి కిస్తీ తేలిగ్గా కట్టగలిగినంతే తీసుకోవాలి. చీటీ వేస్తే రిజిస్టరైన కంపెనీలోనే వేయాలి. క్లినిక్‌లోనే కూర్చోబెట్టి ఇచ్చే “జీరో వడ్డీ ఈఎంఐ”లో, నగదు కడితే వచ్చే రాయితీ ఈఎంఐకి రాకపోతే ఆ తేడాయే వడ్డీ. 2024 అక్టోబరు 1 నుంచి రుణమిచ్చే ప్రతి సంస్థా అన్ని రుసుములూ కలిపిన అసలు వార్షిక వడ్డీ రేటుతో ఒక వాస్తవ పత్రం ఇచ్చి తీరాలి. అది చూడకుండా ఫోనులో ఓటీపీ చెప్పవద్దు.

ఖర్చు తక్కువగా ఉండే చోట్ల కోసం బయటికి చూసేవారూ ఉన్నారు. వెల్లూరు సీఎంసీలో సంతాన చికిత్స విభాగం ఉంది. కాకినాడ నుంచి బెంగళూరు వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కాట్పాడిలో ఆగుతుంది. గది అద్దె, తిండి, పోగొట్టుకునే జీతం కలిపి చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభమైంది. ఆంధ్ర చిరునామా ఉన్నవారిని ఏ షరతులతో తీసుకుంటారో కనుక్కుని వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లినా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద ఉందో లేదో చూడాలి. అనుమానముంటే డీఎంహెచ్ఓ కార్యాలయంలో అడగవచ్చు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు ఇందుకు హెచ్చరిక. పోలీసుల కథనం ప్రకారం, సరోగసీ పేరుతో ఒక జంట సుమారు 35 లక్షలు కట్టింది. చేతికిచ్చిన బిడ్డ డీఎన్ఏ వారితో కలవలేదు. మన దేశంలో డబ్బు కోసం చేసే సరోగసీ నేరం. ఇన్ని లక్షలిస్తే బిడ్డను ఇస్తామన్నవారి గుమ్మం తొక్కవద్దు.

గోవాలో 2023 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలో ఐవీఎఫ్ ఉచితం. సిక్కిం 2022లో వాత్సల్య పథకం కింద సంతానం లేని దంపతులకు మూడు లక్షల సాయం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు పడిపోయిందని, జనాభా పెరగాలని ముఖ్యమంత్రి చంద్రబాబు పదే పదే చెబుతున్నారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది కూడా. ఇద్దరు ముగ్గురిని కనమని చెప్పే ప్రభుత్వం ఒక్క బిడ్డ కోసం నగలు తాకట్టు పెట్టేవారి వైపు ముందు చూడాలి. కాకినాడ జీజీహెచ్‌లో ఐవీఎఫ్ కేంద్రం, వైద్యసేవ జాబితాలో ఈ చికిత్సకు చోటు: అడగాల్సినవి ఈ రెండు. ప్రతి సోమవారం కాకినాడ కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. పిఠాపురం ఎమ్మెల్యేనే రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి. సొంత పేరుతో అర్జీ పెట్టడానికి జంకేవారు డ్వాక్రా సంఘం తీర్మానంగా రాయించి పంపండి.